చేతులెత్తి బిగించిన పైపులు

మా లాండ్రీ ఆవిరి గదికి ఒక్క కిటికీ లేదు. అందులో పనిచేసే మా వదిన ఈ ఎండాకాలంలోనే రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది. కిటికీలు పెట్టమని కిందటి వారం ఊరేగింపు తీశాం. మైకు కట్టిన వదిన పాత కారు ముందు, మేం వెనక. ఊరేగింపన్నాక కారు మనిషి నడకన పోవాలి కదా? నెమ్మది చేస్తే చాలు, ఆ ముసలిది దగ్గి ఆగిపోయేది. చివరికి కారును తోసుకుంటూ నినాదాలిచ్చాం. మేనేజరు మెట్ల మీద నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఇవాళ మధ్యాహ్నం మళ్లీ వెళ్తున్నాం. ఈసారి కూడా వాడు నవ్వాడంటే ఇక మనకు కిటికీలు రావు," అంది వదిన. "నేను సొమ్మసిల్లేది చాలదా, నా కారు కూడానా?"

రోగం తెలిసిందే. ఇంజను గాలి పీల్చే సన్నటి రబ్బరు పైపులు, వాటినే వ్యాక్యూమ్ పైపులంటారు, ఎండి బీటలు వారాయి. ఎక్కడ చెవి పెట్టినా బుస్సుమంటున్నాయి. వదిన కొత్త పైపు చుట్టా, కత్తెరా చేతికిచ్చింది. "ఒకటి పీకండి, దాని చోట కొత్తది పెట్టండి, ఆ తర్వాతే ఇంకోటి ముట్టుకోండి," అని చెప్పి మైకు సంగతి చూడ్డానికి వెళ్లింది.

ఆమె మొగుణ్ని, అంటే మా అన్నయ్యను, అందరూ తీర్మానం అంటారు. యూనియన్ కార్యదర్శి. టీ తాగాలన్నా తీర్మానం పెట్టే రకం.

"కుళ్లినదాన్ని ముక్కలు ముక్కలుగా మారుస్తారా ఎక్కడైనా? మొత్తం పీకి పారెయ్యాలి!" అని గుప్పెటకు దొరికినన్ని పైపులు పట్టి గుంజేశాడు. మాట బాగుంది. చప్పట్లు కొట్టాం.

చప్పట్లు ఆగాక ఇంజను వైపు చూశాం. అన్నీ ఖాళీ మూతులు. ఒక్కటి తప్ప అన్నీ ఒకే లావు.

"ఆ లావుపాటిది బ్రేకుది," అన్నాడు ఇస్త్రీ బాబాయి. "మిగతావి ఏవి ఎక్కడివిరా?"

"ఓటింగు పెడదాం," అన్నాడు అన్నయ్య.

మా యూనియన్‌లో అంతే, చెయ్యెత్తందే గడ్డిపోచ కదలదు. "ఈ మూతికీ ఆ డబ్బాకీ! ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి!" ఎత్తారు. బిగించాను. ఒక పైపు దగ్గర ఓట్లు చెరిసగం పడ్డాయి. అప్పటికే కునుకు తీస్తున్న బాబాయిని లేపాం.

"దేనికిరా?"

"ముందు చెయ్యెత్తు బాబాయ్, తర్వాత చెప్తాం."

వదిన వచ్చి, విని, నెత్తి కొట్టుకుంది. "నన్ను చేసుకునేటప్పుడు కూడా ఓటింగు పెట్టాల్సిందయ్యా. డిపాజిట్ దక్కేది కాదు నీకు!"

తాళం తిప్పింది. ఇంజను ఒక్కసారికే అందుకుని గాండ్రించింది.

"చూశావా, ఆగట్లేదు!" అన్నాడు అన్నయ్య.

"నెమ్మదించట్లేదయ్యా! ఏదో పైపు తప్పు చోట పెట్టారు!"

విప్పి చూసుకునే వ్యవధి లేదు. బయలుదేరాం. మొదటి గేరులో కూడా కారు పరుగే. వదిన బ్రేకు తొక్కుతూనే ఉంది, అది ఉరుకుతూనే ఉంది. వెనక మేమందరం జెండాలు చంకన పెట్టుకుని పరుగు. గాండ్రిస్తున్న కారు, దాని వెనక దూసుకొస్తున్న జనం. వాచ్‌మన్ బిక్కచచ్చి గేటు బార్లా తీసి గోడకు అతుక్కుపోయాడు. గేటు బయట కూర్చుందామనుకున్నవాళ్లం తిన్నగా మేనేజరు గది ముందు తేలాం. అక్కడ వదిన గేరు తీసి కారు నిలిపింది, ఇంజను మోత మాత్రం తగ్గలేదు.

ఈసారి మేనేజరు నవ్వలేదు. కానీ నినాదమివ్వడానికి ఒక్కడి దగ్గరా ఊపిరి లేదు. ఉపన్యాసం ఇవ్వాల్సిన అన్నయ్య మోకాళ్లు పట్టుకుని రొప్పుతున్నాడు. ఊపిరి మిగిలింది కూర్చుని వచ్చిన వదిన ఒక్కతికే. మైకు అందుకుంది.

"ఆవిరి గదికి కిటికీలు పెట్టండి!"

"ముందు ఆ బండి ఆపమ్మా! చెవులు చిల్లులు పడుతున్నాయి!"

"పెడతానని చెప్పండి, ఆపుతాను."

మేనేజరు విసురుగా లోపలికి వెళ్లి, పొగా మోతా రాకుండా తన గది కిటికీలన్నీ మూయించుకున్నాడు. వదిన ఆ కిటికీ అద్దంలోంచి ఆయన్నే చూస్తూ మైకులో మెల్లగా అడిగింది.

"ఉక్కగా ఉందా అండీ? మాకు రోజూ ఇంతే."

ఆయన కాలరు వదులు చేసుకున్నాడు. ఫైలుతో విసురుకున్నాడు. చివరికి కిటికీ రెక్క తెరిచి తల బయటపెట్టాడు.

"రేపు తాపీమేస్త్రీని పిలిపిస్తాను, సరేనా?"

"ఇప్పుడే పిలవండి. మేమూ వింటాం."

ఆయన ఫోను తీసి స్పీకరు పెట్టాడు. ఇంజను మోతలో మేస్త్రీకి సగం మాటలు వినపడక, "ఏంటి సార్? కిటికీలా?" అని మళ్లీ మళ్లీ అడిగాడు. "అవునయ్యా, కిటికీలు! కిటికీలు!" అని మేనేజరు ప్రాంగణమంతా మోగేలా మా నినాదాన్ని తానే ఇచ్చాడు. అంతసేపూ వదిన ఇంజను ఆపలేదు.