ధర్మం గంప

ఆ పని ఆంజనేయప్ప మేష్టరు చేత ఎవరూ బలవంతంగా చేయించలేదు. తనంతట తానే చేశాడు.

కూలి మునివెంకటమ్మ కూతురు అశ్వత్థమ్మ ఆ సాయంత్రం పాఠానికి కొత్త పావడా కట్టుకుని వచ్చింది. బెంగళూరు నుంచి పెద్ద అధికారి వస్తున్నాడని, ఉన్న ఒక్క మంచి బట్టనూ తల్లి పెట్టెలోంచి తీసి కట్టింది. మేష్టరు ఆ పిల్లను వాకిట్లోనే ఆపాడు.

“ఇంటికి పోయి పాత పావడా కట్టుకోని రా.”

“అది చినిగిపోయిండాది, అయ్యోరా.”

“అందుకే చెప్తాండేది. పో!”

పదేళ్ళ పిల్లకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తల వంచుకుని వెళ్ళిపోయింది. పక్కనే మండీలో చింతపండు కొడుతున్న తల్లి చెయ్యి ఆపి చూసింది. మేష్టరు ఆమె వైపు చూడలేదు.

అవి యుద్ధం రోజులు. చింతామణి నుంచి బట్లహళ్ళికి పోయే దారిలో ఉండేది సావుకారు హనుమంతరాయ మండీ. నలభై మంది ఆడవాళ్ళు పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా పెంకు ఒలిచి, కర్రతో కొట్టి, గింజ తీసి గంపలు నింపేవాళ్ళు. వాళ్ళ పిల్లలకు ఇంట్లో తెలుగు, శాలెలో అంతా కన్నడం. పాఠం తలకెక్కక రెండేళ్ళకే శాలె మానేసి, తల్లుల పక్కన చేరి గింజలు తీసేవాళ్ళు. అలా మానకూడదనే ఆంజనేయప్ప, శాలె విడిచాక వాళ్ళను మండీ పక్క గదిలో చేర్చి రెండు గంటలు పాఠం చెప్పేవాడు. కన్నడం చదివించేవాడు, లెక్కలు చేయించేవాడు, గోడకు పటం తగిలించి సముద్రాలు చూపించేవాడు. సముద్రమంటే ఏమిటో ఆ పిల్లలకు తెలిసింది ఆ గదిలోనే. పలకలు, దీపానికి నూనె, తలా పిడికెడు ఉలవ గుగ్గిళ్ళు సావుకారు ధర్మమని ఊరంతా చెప్పుకునేది.

అధికారి వచ్చాడు. పిల్లలను వరసగా నిలబెట్టారు. మేష్టరు ఒక్కొక్క పేరూ పిలిచి చదివాడు. “తండ్రి లేడు. తల్లి కూలి. ఒంటి పూట తిండి.” పిలిచిన బిడ్డ ముందుకొచ్చి నిలబడాలి. అశ్వత్థమ్మ వంతు వచ్చినప్పుడు సావుకారు చేతికర్రతో పావడా చిరుగు చూపించాడు.

“ఇట్లాటోళ్ళను పైకి తెస్తాండాము, స్వామీ.”

అధికారి మెచ్చుకున్నాడు. పిల్లలు సావుకారును పొగుడుతూ కన్నడంలో పాట పాడారు. ఆ పాట కట్టిందీ మేష్టరే. మండీలో కర్రల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

మర్నాడు పొద్దుగూకే వేళ మునివెంకటమ్మ ఆఖరి గంప ముట్టుకోలేదు. ఆమెను చూసి తక్కినవాళ్ళూ చేతులు కట్టుకున్నారు. రోజూ ఒక్కొక్కరు కొట్టే ఆఖరి గంపకు కూలి ఉండదు. దాని పేరు ధర్మం గంప. పిల్లల పాఠం కోసమని సావుకారు పెట్టిన కట్టుబాటు.

సావుకారు మేష్టరును పిలిపించాడు. “పోయి చెప్పప్పా. గంప కొట్టకపోతే రేపట్నుంచి గదికి బీగం. నువ్వు చెప్తే వింటారు.”

మేష్టరు పోయి ఆ మాటే చెప్పాడు.

“అట్లయితే పాఠం నడిపిస్తాండేది ఎవరు, అయ్యోరా?” అంది మునివెంకటమ్మ. “దినానికి నలభై గంపలు ఊరికే కొడ్తాండామే, మా బిడ్డలు నలభై గంపల గుగ్గిళ్ళు తింటాండారా? మా సొమ్మే మాకు బిచ్చమేసి, నా బిడ్డను నలుగురి ముందర నిలబెడ్తిరే! ఇదంతా నీకు తెలుసా, తెలీదా?”

మేష్టరు వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రే కూలివాళ్ళ వీధిలో అందరూ కూడారు.

“బీగం పడితే నా కొడుకు మళ్ళీ గింజలు తీయాల్సిందే. ఒగ గంపే కదా, కొట్టేద్దాం” అంది ఒకామె.

“ఈ పొద్దు ఒగటి. రేపు రెండంటాడు” అని ఇంకొకామె లేచింది.

మూటలెత్తే హమాలీ పిళ్ళప్ప అందరినీ ఊరుకోమన్నాడు. “పని ఆపితే ఇంగొగర్ని తెచ్చుకుంటాడు. గంప కొట్టండమ్మా. కొట్టి, నెత్తిన పెట్టుకోని సంతకు తెండి. మీరే అమ్మి, మీరే పాఠం నడిపించండి.”

“దొంగతనమంటారప్పా!”

“దొంగతనం కాదు.”

అందరూ వెనక్కి తిరిగారు. వీధి మొదట్లో ఎంతసేపటి నుంచి నిలబడి ఉన్నాడో, ఆంజనేయప్ప మేష్టరు ముందుకు వచ్చాడు.

“మీ గంపలు సావుకారు సరుకులో కలిసి బండెక్కేది మొదటి వారమే చూసినా. అడిగితే పాఠం నిలిచిపోతాదని నోరు మూసుకున్నా. అదొక్కటే కాదు. సావుకారు పక్కన కూర్చుంటే నన్నూ పెద్దమనిషి అంటాండ్రి. మా అమ్మ గూడా చింతపండు కొట్టే నన్ను చదివించింది. ఆ మాట ఈ ఊర్లో నేను ఎవరికీ చెప్పలేదు.”

ఎవరూ ఓదార్చలేదు. కూర్చోమని కూడా అనలేదు.

“నా బిడ్డతో పావడా మార్పించినావు” అంది మునివెంకటమ్మ.

“ఔనమ్మా.”

“ఈడ చెప్పుకుంటే నీ బరువు దిగుతాదేమో. మాకేమొస్తాది? మండీ ముందర చెప్పు.”

మరుసటి సాయంత్రం నలభై గంపలు నలభై నెత్తులకు ఎక్కాయి. ఆడవాళ్ళు వరసగా మండీ గేటు దాటారు. “దొంగలు! పట్టుకోండి!” అని సావుకారు అరిచాడు. హమాలీలు ఒక్కరూ కదల్లేదు. జనం పోగయ్యారు. మేష్టరు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. మునివెంకటమ్మ నెత్తిమీది గంప తన నెత్తికి ఎత్తుకున్నాడు. కోటు భుజాల మీద చింతపండు పొట్టు రాలుతుంటే, ముందురోజు వీధిలో చెప్పిన ప్రతి మాటా ఊరి నడుమ మళ్ళీ చెప్పాడు. చెప్పేటప్పుడు ముఖం కాలిపోయింది. అయినా ఒక్క మాటా మింగలేదు.

పోలీసులు వచ్చి అతన్నీ మునివెంకటమ్మనూ ఠాణాలో వేశారు. వెనకే తక్కిన ముప్పై తొమ్మిది మందీ, పాఠం కోసం వచ్చిన పిల్లలూ ఠాణా ముందుకు చేరారు. దఫేదారు కన్నడంలో ఒక కాగితం రాసి తెచ్చాడు.

“కూలి చాల్లేదని అడిగినట్టు రాసుండాది. వేలిముద్ర వేసి ఇండ్లకు పోండి.”

ఆడవాళ్ళందరికీ కన్నడం మాట్లాడడం వచ్చు. చదవడం ఒక్కరికీ రాదు. ముందు నిలబడిన ఆమె కాగితం అందుకుని అశ్వత్థమ్మకు ఇచ్చింది. పిల్ల వేలు పెట్టి కన్నడంలో మెల్లగా చదివింది. చదివి తెలుగులో చెప్పింది.

“కూలి మాటే లేదు. మేష్టరు మాట విని మేము మండీలో దొంగతనం చేసినామని రాసుండాది.”

లోపలి నుంచి మునివెంకటమ్మ గొంతు వినిపించింది. “అయ్యోరా! బిడ్డ సరిగ్గా చదివిందా?”

ఊచల వెనక మేష్టరు ఇంకా తల ఎత్తలేకపోయాడు. సంతోషించే హక్కు తనకు లేదనిపించింది. “సరిగ్గానే చదివిందమ్మా. ఒక్క అక్షరం తప్పు పోలేదు.”

“అయితే ఎవరూ వేలు పెట్టొద్దండి!”

ముప్పై తొమ్మిది మందీ ఠాణా ముందు నేల మీద కూర్చున్నారు. “మా గంపలు మావని రాయండి. మా బిడ్డలు చదివి చెప్తే అప్పుడు వేస్తాం.”

దఫేదారు కాగితం లాక్కోబోయాడు. అశ్వత్థమ్మ దాన్ని పక్క పిల్ల చేతిలో పెట్టింది. ఆ పిల్ల గొంతెత్తి మొదటి నుంచి చదివింది. అక్కడి నుంచి ఇంకొక చేతికి పోయింది. దారిన పోయే బండ్లు ఆగాయి. మండీలో మూటలు దించేసి పిళ్ళప్ప వాళ్ళు వస్తున్నారు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు, ఆ అబద్ధాన్ని ఊరికంతటికీ గట్టిగా చదువుతూనే ఉన్నారు.