అరవై అడుగులు

కప్పు మళ్లీ మనదే అని ఫోన్ వచ్చేసరికి గీతలక్క మూడో బేస్ దగ్గర సున్నం బండి తోస్తోంది. ఈసారి జట్టును వేరే టీచరుతో పంపి ఇక్కడే ఉండిపోయిన కోచ్, వరండా మెట్లు దిగే ఓపిక కూడా లేక పైనుంచే అరిచింది.

"అక్కా! పదకొండోది!"

గీతలక్క చెయ్యి ఊపింది గానీ బండి ఆపలేదు. మధ్యలో ఆపితే అక్కడ గీత లావెక్కుతుంది.

ఆ మహిళా కళాశాల సాఫ్ట్‌బాల్ మైదానంలో ఇరవై నాలుగేళ్లుగా గీతలు గీసేది ఆవిడే. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. మనిషి సన్నగా ఉంటుంది. కాళ్లకు మాత్రం మోకాళ్ల దాకా నల్ల రబ్బరు బూట్లు. తోటమాలిగా చేసిన తండ్రివి. ఆయన పోయాక ఉద్యోగంతో పాటు అవీ ఆవిడకే వచ్చాయి. వేళ్ల దగ్గర పాతగుడ్డలు కుక్కితే తప్ప కాలికి నిలవవు.

ఇవాళ ఉద్యోగంలో ఆఖరి రోజు. సాయంత్రం తాళాలు అప్పగించాలి.

జట్టు చరిత్ర పుస్తకంగా రాస్తున్న లెక్చరర్ పొద్దుటినుంచీ ఆవిడ వెంటే తిరుగుతోంది.

"మొదటి ఏడాది ఎన్ని గెలిచారు?"

"ఒక్కటంటే ఒక్కటీ లేదు మేడమ్. తొమ్మిది మందికీ కలిపి నాలుగు గ్లవ్స్. బంతి ఎటుపోతే అటు గ్లవ్ విసిరేవాళ్లు. గ్లవ్ చేరేలోపు బంతి కంచె దాటేది."

లెక్చరర్ నవ్వు ఆపుకుంటూ రాసుకుంది. ఆమెకు అంతుపట్టనిది ఒకటే. నాలుగో ఏటినుంచి వీళ్ల చేతిలో ఓడిన ప్రతి జట్టూ ఒకే మాట చెప్పింది: ఆ పిల్లలు పరుగెత్తరు, ఎగురుతారు. ఎందుకలా?

పుస్తకంలో మైదానం పటం వెయ్యాలని లెక్చరర్ టేపు తీసింది. పరుగెత్తేవాళ్లు తాకాల్సిన బేస్‌కీ బేస్‌కీ మధ్య అరవై అడుగులుండాలి. అరవై మూడు వచ్చింది.

"టేపు సాగిందేమో మేడమ్."

నాలుగు వైపులా కొలిచారు. నాలుగు వైపులా అరవై మూడే. కోచ్ దిగి వచ్చేసరికి గీతలక్క బేస్ పక్కన తుప్పుపట్టిన మేకునే చూస్తూ నిలబడి ఉంది.

"తప్పు నాదే అమ్మాయ్. మొదటిరోజు అప్పటి పెద్ద కోచ్ వరండాలోంచి 'అరవై అడుగులు' అన్నాడు. టేపు లేదు. బూటు కొనకి మడమ ఆనిస్తూ అడుగులో అడుగేసి అరవై లెక్కపెట్టి మేకులు కొట్టేశాను. ఈ బూట్లతో." కోచ్ వైపు తిరిగి అడిగింది. "పిల్లల కప్పులకి మచ్చ వస్తుందా?"

"ఇక్కడ ఒక్క పోటీ అయినా జరిగిందా అక్కా? అన్నీ బయటేగా!"

కోచ్ బూట్ల వంక చూసింది. ఆ మొదటి తొమ్మిది మందిలో తనూ ఒకతి. ఒక్కసారిగా బేస్ మీదే కూలబడి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

"అందుకా! బయటికి వెళ్లినప్పుడల్లా బేస్ నాకు ఎదురొచ్చినట్టుండేది. నా కాళ్ల గొప్పే అనుకున్నా ఇన్నాళ్లూ!"

"మరి మొదటి మూడేళ్లూ ఎందుకు ఓడారు?" లెక్చరర్ వదల్లేదు.

"గ్లవ్స్ రావద్దూ?" అంది గీతలక్క.

సాయంత్రం గీతలక్క కోచ్‌కి తాళాలిచ్చి చెప్పులేసుకుంది. కాళ్లు మరీ తేలికై రెండడుగులు తడబడింది. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"ఆ తుప్పు మేకులు ఎప్పుడు మారుస్తావు?"

"రేపు పొద్దున ఆరింటికి. కొత్తగా చేరే ఆవిడని రమ్మన్నాను. సరిగ్గా అరవై అడుగులకే కొట్టిస్తా."

గీతలక్క తలూపింది. "మంచిది. టేపు తెచ్చుకో."

"టేపెందుకు? నీ అడుగులే. ఆ బూట్లలో గుడ్డలు మాత్రం తియ్యొద్దని చెప్తాలే."

సామాన్ల గది గుమ్మం పక్కన బూట్లు రెండూ మైదానం వైపే తిరిగి ఉన్నాయి, మడమల దాకా తెల్లటి సున్నంతో.