గుట్ట మీది దొన

బచ్చన్నపేట అవతలి ఆ గుట్టను అహల్య చిన్నప్పటి నుంచి ఎక్కుతూనే ఉంది. కేసముద్రం బడిలో పంతులమ్మ ఉద్యోగం వచ్చాక కూడా, ఎండాకాలం సెలవులకు పుట్టింటికి రాగానే ఆమె మొదట చేసే పని అదే. పైన రెండు పెద్ద బండల నడుమ దొన ఉంటుంది. వాననీటితో నిండే ఆ రాతి గుంట, నీడపట్టున ఉండటం వల్ల నడివేసవిలో కూడా ఎండిపోదు. గుట్ట కింది లంబాడీ తండా ఆడవాళ్లు బిందెలతో వచ్చి ఆ నీళ్లే పట్టుకుపోతారు. చెప్పులు దూరంగా విడవాలి, గట్టున పెట్టిన సొరబుర్రతోనే ముంచాలి, చెయ్యి మాత్రం పెట్టకూడదు. "మా తండావాళ్లకు గుట్ట నీళ్లంటేనే ఇష్టం, అంత తియ్యగా ఉంటాయి" అని అహల్య ప్రతి ఏడూ బడిపిల్లలకు మురిసిపోతూ చెప్పేది.

డెబ్బై మూడులో, ఊరంతా కరువుతో అల్లాడుతున్న రోజుల్లో, ఆమె అన్న, ఊరి పటేలు దామోదర్ పట్నం నుంచి ముగ్గురు దోస్తులను వెంటబెట్టుకొచ్చాడు. "చెల్లే, నీకు తొవ్వ ఎరుకే గదా. జర వీళ్లకు గుట్ట చూపియ్యరాదు" అన్నాడు. సొంత ఊరు చూపించమంటే ఎవరికి సంబరం కాదు? అహల్య ముందు నడిచింది.

ఎక్కుతున్నంతసేపూ దామోదర్ నోరు మూతపడలేదు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో తాను రైళ్లు ఆపింది, లాఠీదెబ్బలు తిన్నది, అన్నీ చెప్పుకొచ్చాడు. సగం గుట్ట మీద నిలబడి, ఎండిన చెరువునూ బోడిగా పడి ఉన్న చేలనూ చేత్తో చూపించి, "గీ మట్టి మనది, గీ నీళ్లు మనయి. బయటోడు ముట్టొద్దనే కొట్లాడినం" అన్నాడు. ఆ మాటకు అహల్యకు నిజంగానే ఒళ్లు పులకరించింది. ఆమె కూడా అప్పటి ఊరేగింపుల్లో గొంతు పోయేలా అరిచిన మనిషే.

వాళ్లను దొన దగ్గర కూర్చోబెట్టి, ఆమె ఒక్కతే కొన దాకా పోయి వచ్చింది. తిరిగొచ్చి చూసేసరికి ఒకడు బూట్లు విప్పి దొనలో కాళ్లాడిస్తున్నాడు. ఇంకొకడు కోడికూర గిన్నె అందులోనే కడుగుతున్నాడు. ఎర్రటి నూనె నీళ్ల మీద తెట్టు కట్టింది. నమిలి పారేసిన ఎముకలు, మెతుకులు తేలుతున్నాయి. సొరబుర్ర నిండా సిగరెట్ పీకలు. మూడోవాడు గట్టు మీదే ఉమ్మి, "జాగ మస్తున్నది దామోదర్" అన్నాడు. ఛీ, ఈ మందకా నేను దారి చూపించింది! అన్నిటికంటే అన్న మొహమే ఆమెకు ఎక్కువ రోత పుట్టించింది. ఆ మొహం నవ్వుతోంది.

"ఏందన్నా గీ పని? తండోళ్లు తాగే నీళ్లు గదా!"

"ఏమైతది? పైపైన తీసేస్తే సాఫ్ అయితయి. వాళ్లకు గివన్ని పట్టింపులుండయి."

అంతలో తండా నుంచి సుక్కి ఖాళీ బిందెతో వచ్చింది. దొన వైపు చూసింది. బుర్రలోని పీకలు దులిపి, దొనలో ముంచి, నూనె తేలే నీళ్లు దామోదర్ మూతి ముందు పట్టింది.

"తాగు పటేలా. నువ్వు తాగితే మేం గూడ తాగుతం."

దామోదర్ వెనక్కి జరిగాడు. "మజాకా చేస్తున్నవా?" అని గద్దించాడే గాని, ఆ బుర్ర వంక చూడలేకపోయాడు.

అహల్యకు తల కొట్టేసినట్టయింది. "గివి తాగకుండ్రి సుక్కీ. మా బాయి కాడికి రాండ్రి. మోటరు నడుస్తనే ఉన్నది."

సుక్కి ఆమెను వింతగా చూసింది. "మోటరు పెట్టిన కాన్నుంచి మీ బాయి కాడికి మమ్ముల రానిస్తలేరు పంతులమ్మా. మిరపతోటకే నీళ్లు చాలవని పటేలు కావలి పెట్టిండు. గందుకే గుట్టెక్కుడు. ఇష్టముండి ఎవ్వలెక్కుతరు?"

ఇష్టం! ఎంతమంది పిల్లలకు నూరిపోసింది ఆ మాట! ఇన్నేళ్లూ నీళ్ల తీపి గురించి మాట్లాడిందే తప్ప, ఆ బిందె బరువు గురించి ఒక్కనాడూ అడగలేదు. అహల్యకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సుక్కి చేతిలోని బిందె లాక్కుని చంకన పెట్టుకుంది. "నడువు" అని గుట్ట దిగి, తిన్నగా తమ బావి దగ్గరికి పోయింది. కావలివాడు కర్ర అడ్డం పెట్టబోయి, పటేలు చెల్లెలిని చూసి తగ్గాడు. ఆమె మోటరు పైపు కింద బిందె పెట్టింది.

అప్పుడే దామోదర్ రొప్పుతూ వచ్చాడు. "దోస్తుల ముంగట నా ఇజ్జత్ తీస్తవా అహల్యా?"

అహల్య నిండిన బిందెను సుక్కి నెత్తికెత్తి, చేతులు తుడుచుకుంది.

"నీ ఇజ్జత్ దొనల తేలుతున్నదన్నా. పోయి బుర్రతోని ముంచుకో."