కృష్ణప్ప సారు క్లాసులో కొత్త హెడ్మాస్టరు

ఎమ్మిగనూరు హైస్కూల్లో లెక్కలు చెప్పే కృష్ణప్పకు కోపం ఎక్కువ. ఆయన వస్తుంటే వరండాలో పిల్లలు గోడకు అతుక్కుపోయేవాళ్లు. పదకొండేళ్లుగా అవే నోట్సు, అదే బెత్తం. ప్రతి ఏడూ ఎస్సెల్సీలో సగంమంది లెక్కల్లో తప్పేవాళ్లు. "మగ్గాలోళ్ల పిల్లోళ్లకు, కూలోళ్ల పిల్లోళ్లకు లెక్కలు యాడొస్తాయప్పా" అనేవాడు. తోటి అయ్యవార్లెవరూ కాదనేవాళ్లు కాదు.

1957 జూన్‌లో కొత్త హెడ్మాస్టరుగా ఏసన్న వచ్చాడు. చిప్పగిరి దగ్గర కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, మిషన్ బడిలో చదువుకుని, ఆదోనిలో చాన్నాళ్లు ఇంగ్లీషు చెప్పిన మనిషి. పాత హెడ్మాస్టరు బెల్లు ఆలస్యమైతే తప్ప గది దాటి వచ్చేవాడు కాదు. ఈయన మొదటి వారంలోనే గదికి తాళం వేసి, ఎస్సెల్సీ రాసే ఆరో ఫారంలో కృష్ణప్ప క్లాసుకు వచ్చి, వెనక బెంచీలో ఇద్దరు పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు.

"ఏం కావాల సార్?" అన్నాడు కృష్ణప్ప.

"ఏమీ లేదు. జామెట్రీలో నేను మొద్దును. మీరు చెప్తే ఇందామని."

పిల్లలు నవ్వు ఆపుకోలేక పుస్తకాల్లో తలలు దూర్చారు. మూడు రోజులు అట్లే జరిగింది. నాలుగో రోజు కృష్ణప్ప బదిలీ అర్జీ రాసుకుని హెడ్మాస్టరు గదికి పోయాడు.

"నా పాఠం మీద అనుమానముంటే నేరుగా అడగాల. పిల్లోళ్ల ముందర కాపలా కూర్చుంటే నాకు మర్యాద యాడుంటాది? నన్ను ఆదోనికి పంపిచ్చండి."

ఏసన్న అర్జీ చదివి సంతకం పెట్టాడు. "రేపు టపాలో పంపిచ్చమంటే రేపే పంపిస్తా. కానీ పోయే ముందు నాకో సాయం చేయాల. వారం రోజులు నా ఇంగ్లీషు క్లాసులో కూర్చుని నా తప్పులు సెప్పండి. ఇరవై ఏండ్లయింది, ఒక్కరూ సెప్పలేదు."

కృష్ణప్పకు ఇంతకన్నా ఏం కావాలి? వారమంతా చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. శనివారం సాయంత్రం ఉన్నదంతా కక్కేశాడు.

"ముందు రెండు బెంచీలోళ్లనే అడుగుతాండారు. బోర్డు దిక్కు తిరిగి రాస్తా మాట్లాడతారు, ఎనక ఒక్క ముక్క ఇనపడదు. ప్రశ్న మీరే అడిగి జవాబూ మీరే సెప్పేస్తాండారు."

ఏసన్న ముఖం కాస్త వాడింది. అయినా "నిజమే" అన్నాడు.

సోమవారం క్లాసులో ఏసన్న పిల్లలతో, "నేను బోర్డుకు పాఠం చెప్తాండానని కృష్ణప్ప సారు పట్టుకున్నారు. ఈ పొద్దునుంచి మీకు చెప్తా" అన్నాడు. పిల్లలు నవ్వారు, ఆయనా నవ్వాడు. తలుపు దగ్గర నిలబడిన కృష్ణప్పకు మాత్రం నవ్వు రాలేదు. హెడ్మాస్టరంతటివాడు పిల్లల ముందర తప్పు ఒప్పుకున్నాడు, అయినా ఆయన మర్యాద ఏమీ తగ్గలేదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర భార్య సావిత్రమ్మకు ఈ సంగతి చెప్పాడు. ఆమె మజ్జిగ పోస్తూ, "మీరూ బోర్డు దిక్కే తిరిగి సెప్తారా?" అంది.

మర్నాడు క్లాసులో కృష్ణప్ప నోట్సు తెరవలేదు. రెండు సమాంతర రేఖలు గీసి, వాటిని అడ్డంగా ఖండిస్తూ ఇంకో గీత గీసి, "ఇది ఎవరికి అర్థం కాలేదు?" అన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. బెత్తం తీసుకుపోయి బీరువాలో పెట్టి వచ్చి మళ్లీ అడిగాడు. నేత ఇంటి పిల్ల హులిగమ్మ లేచింది.

"ఈ కోణాలు సమానమని రాసుకున్నాం సార్. ఎందుకు సమానమో తెల్దు."

"రాసుకో పో" అనే మాట కృష్ణప్ప నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"మీ మగ్గం మీద నిలువుగా ఉండే పడుగు పోగులు ఎట్లుంటాయి?"

"వరసగా, ఒకటికొకటి ఆనకుండా."

"వాటి మీద ఒక పోగు వాలుగా పడితే?"

హులిగమ్మ బోర్డు దగ్గరికి వచ్చి గీసి చూసింది. "అన్ని పోగుల కాడా ఒకే వాలు సార్. పడుగు వంకర లేదు గదా."

నేత ఇళ్ల పిల్లలు నలుగురైదుగురు ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. క్లాసు సంతలా అయింది. కృష్ణప్ప వాళ్లను ఆపలేదు. "ఇది రుజువు కాదు. కానీ రుజువుకు దారి ఇదే" అని, ఆ పూట వాళ్ల ముఖాలు చూస్తూనే పాఠం చెప్పాడు.

బెల్లు కాగానే పోయి హెడ్మాస్టరు బల్లమీదున్న అర్జీ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. "ఇప్పుడొద్దులెండి. త్రికోణాలు మొదలుపెట్టినా."

తరువాత ఒకరి క్లాసులో ఒకరు కూర్చోవడం బడంతా పాకింది. తగువులూ వచ్చాయి. తెలుగు పండితుడు తన పాఠం మీద ఏదో అన్నాడని చరిత్ర చెప్పే మాదన్న పదిహేను రోజులు ఆయనతో మాట్లాడలేదు. జనవరిలో తనిఖీకి వచ్చిన అధికారి, "అయ్యవార్లు పాఠాలు చెప్పాలా, వినాలా?" అని ఏసన్న మీద కళ్లెర్రజేశాడు. ఏసన్న నోరు తెరవకముందే కృష్ణప్ప, "మీరూ కూర్చోండి సార్, చోటుంది" అన్నాడు. అధికారి అరగంట కూర్చుని, రిపోర్టులో "పద్ధతి కొత్తది, గమనించవలెను" అని రాసిపోయాడు.

వేసవి తర్వాత ఫలితాలొచ్చాయి. ముప్పై ఎనిమిది మందిలో తొమ్మిదిమంది లెక్కల్లో తప్పారు. హులిగమ్మ గట్టెక్కింది. తప్పినవాళ్లలో కోసిగి పిల్లవాడు ఉచ్చీరప్ప ఉన్నాడు. ఇంట్లోవాళ్లతో పాటు వాడూ బళ్లారి దిక్కు పనికి పోతున్నాడని తెలిసి కృష్ణప్ప బస్సెక్కి కోసిగికి పోయాడు. వాడి తల్లి మద్దమ్మ మూటలు కడుతూ ఉంది.

"వాడు మొద్దు సామీ. ఇంక సదువెందుకు?" అంది.

"నేనూ అట్లే అనుకుంటి. తప్పు వానిదొక్కనిదే కాదమ్మా, సగం నాది. సెప్టెంబరులో మళ్లీ పరీచ్చ ఉంది. అందాకా వాణ్ణి మా ఇంట్లో పెట్టుకుంటా."

మద్దమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది. తర్వాత మూట విప్పి, కొడుకు చొక్కాలు రెండూ తీసి పక్కన పెట్టింది.