గఫార్ జెట్టు కారు

నరసరావుపేటలో ఒక పత్తి మిల్లు యజమాని ఎనభై అయిదులో కాంటెస్సా కారు కొన్నాడు. అది బజారులోకి వస్తే సైకిళ్ళ మీద పోయేవాళ్ళు దిగి నిలబడేవాళ్ళు, భయంతో కాదు, చూడ్డానికి. ఆయన కూతుర్నీ అల్లుణ్ణీ అందులో ఊరేగించిన దగ్గర్నుంచి పెళ్ళీడు పిల్లలున్న తండ్రులందరికీ నిద్ర కరువైంది. అంబాసిడర్లో ఊరేగిస్తే నామోషీ, కాంటెస్సా అడగడానికి మొహం చెల్లదు. ఉన్నవాడు ఒక అడుగు వేస్తే లేనివాడు పరిగెత్తి ఆయాసపడాలి. లోకం తీరే అంత.

ఈ ఆయాసం చూసి జాలిపడ్డవాడు మెకానిక్కు అబ్దుల్ గఫార్. పల్నాడు రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది, వెనకే ఇల్లు. గఫార్ చేతిలో పడ్డ ఏ వస్తువూ తను చెయ్యాల్సిన పని చెయ్యదు. కుట్టుమిషను మోటారు ఫ్యానయ్యేది, సైకిలు డైనమో రేడియోకి కరెంటిచ్చేది. కోటప్పకొండ తిరనాళ్ళకు పోయే ఎత్తయిన వెదురు ప్రభలకు సీరియల్ బల్బులు కట్టడంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. అట్లాంటివాడు ఒకనాడు వకీలుగారి పెరట్లో తుప్పుపడుతున్న అంబాసిడర్ని లారీకి కట్టి ఇంటికి లాక్కొచ్చాడు.

"పేదోళ్ళ పెళ్ళిళ్ళకి దీన్ని విమానం చేస్తా. మామూలు విమానం కాదు, జెట్టు."

"పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడంట నీలాంటోడే," అన్నది భార్య హజ్రా బీ.

జెట్టంటే గఫార్‌కి తెలిసింది చప్పుడే. మిలిటరీ జెట్లు అప్పుడప్పుడు సాగర్ మీదుగా పల్నాడు దద్దరిల్లేటట్టు పోయేవి, తలెత్తేలోపల మాయమయ్యేవి. దాని ముక్కు ఎట్లా ఉంటుందో తోక ఎట్లా ఉంటుందో షెడ్డు నేల మీద సుద్దముక్కతో గీసి చూపించింది చిన్నకోటయ్య.

చిన్నకోటయ్య లారీ డ్రైవరు సాంబయ్య కొడుకు. వాళ్ళది మాచవరం పక్క పల్లె. సాంబయ్య మాచర్ల నుంచి నాపరాళ్ళ లోడుతో వస్తే లారీ ఆగేది గఫార్ షెడ్డు ముందే. ఇద్దరూ అన్నా, తమ్ముడూ అని పిలుచుకునేవాళ్ళు. పిల్లాడికి స్పానరు పట్టడం నేర్పింది గఫారే. పట్టిన స్పానరు వదలకుండా ఐ.టి.ఐ. చదివి, వాడు ఎయిర్‌ఫోర్సులో చేరాడు. జెట్లు నడపడు, వాటి ఇంజన్లు విప్పి బిగిస్తాడు. ఊరికి ఆ తేడా పట్టలేదు. ఏ జెట్టు పోయినా "సాంబయ్య కొడుకు పోతన్నాడు" అని పొలాల్లో చేతులూపేవాళ్ళు. వాడు కాదని తెలిసినా సాంబయ్య కూడా చెయ్యి ఊపేవాడు.

సెలవు మీద వచ్చిన ప్రతిసారీ వాడు రెండు రోజులు ఇంట్లో ఉంటే నాలుగు రోజులు షెడ్డులో ఉండేవాడు.

"ముక్కు ఇంత మొద్దుగా ఉండదు బాబాయ్. కోసుగా ఉండాల."

"రేకు అంత కోసుగా వంచితే చీలిపోద్దిరా."

"పిన్ని బిర్యానీ డేగిసా చూశావా, ఎంత నున్నగా ఉందో?"

హజ్రా బీ పుట్టింటి నుంచి తెచ్చుకున్న డేగిసా అట్లా వంటకి సెలవు చెప్పి జెట్టుకి ముక్కైంది. కొసన ఒక చెంబు అతికారు. ఆమె ఆ ఇద్దరితోనూ చానా రోజులు మాట్లాడలేదు, అన్నం మాత్రం ఇద్దరికీ పెట్టింది. రెక్కలు నూనె డ్రమ్ముల రేకువి, సందుల్లో పట్టవని తలుపు బందులు వేసి మడిచేటట్టు చేశారు. వెనక రెండు తూముల్లో ఎర్ర బల్బులు, చిన్న ఫ్యాను, ఎర్రకాగితం పీలికలు. స్విచ్చి నొక్కితే జెట్టు నిప్పులు కక్కినట్టే ఉండేది. పెళ్ళికొడుకు కాళ్ళ దగ్గర రేకు డబ్బాలో ఐసుగడ్డ పెట్టి దాని వెనక ఇంకో ఫ్యాను బిగించారు. వైశాఖమాసపు ఎండలో కూలివాడి కొడుకు చల్లగాలి కొట్టించుకుంటూ ఊరేగుతుంటే, మిల్లాయన అల్లుడు కూడా ఇంత సుఖపడలేదని జనం ముక్కున వేలేసుకున్నారు.

నవ్విన నాపచేనే పండిందన్నట్టు, ముహూర్తాలు పెట్టుకోకముందే వచ్చి జెట్టు ఖాళీగా ఉందా అని అడిగేవాళ్ళు. గురజాల నుంచి, మాచర్ల నుంచి, కృష్ణ అవతలి నుంచి కూడా వచ్చేవాళ్ళు. గఫార్‌కి కట్టుబాటు ఒక్కటే, శుభానికి తప్ప ఆ బండి కదలదు. ఇది ఆయన ఛాదస్తం కాదు. పెళ్ళికారుకి ఒకసారి మైల తగిలితే దాని పని అయిపోయినట్టే. శవం ఎక్కిన బండిలో పిల్లని ఎక్కించే తండ్రి పల్నాడులో ఇంకా పుట్టలేదు.

"నా పెళ్ళికి ఈ బండే బాబాయ్, ముందే చెప్తన్నా," అన్నాడు చిన్నకోటయ్య ఒకసారి, రెక్క కింద పడుకుని నట్లు బిగిస్తూ.

"నీక్కాకపోతే ఇంకెవడికిరా."

గురజాలలో పిల్లని చూశారు. మాఘమాసానికి ముహూర్తం అనుకున్నారు. ఈలోగా, కార్తీకం ఇంకా వెళ్ళకముందే, సాంబయ్య ఇంటికి టెలిగ్రాం వచ్చింది. ఎక్కడో ఉత్తరాదిన, జెట్టు నేల మీద ఉండగానే, ఇంజను పరీక్ష చేస్తుంటే ప్రమాదం జరిగిందట. అంతకు మించి ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే సాంబయ్య షెడ్డుకి వచ్చాడు. లారీ లేకుండా, చెప్పులు కూడా లేకుండా బస్సులో వచ్చాడు. గఫార్ లేచి పట్టుకోబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు, పట్టుకుంటే పడిపోతానని కాబోలు.

"రేపు పెట్టెలో తెస్తారంట. మన రోడ్డు మీద దించి ఇస్తారంట."

గఫార్ తలూపాడు.

"వాడు పెళ్ళికొడుకు కాకుండానే పోతన్నాడు తమ్ముడూ. ఊరేగింపు లేకుండా ఎట్టా పంపేది? నీ బండి ఇస్తావా?"

దాచడమెందుకు, గఫార్‌కి ముందు గుర్తొచ్చింది పిల్లాడు కాదు, బండి. మాఘంలో ఒప్పుకున్న పెళ్ళిళ్ళు గుర్తొచ్చాయి. ఇంట్లో ఎదుగుతున్న ఇద్దరు ఆడపిల్లలు గుర్తొచ్చారు. అంతలోనే తన మీద తనకే అసహ్యం వేసింది. తలుపు దగ్గర నిలబడ్డ భార్య వైపు చూశాడు.

"ఎక్కిస్తే ఇంకెవరూ ఎక్కరు. తెలుసుగా?" అన్నది హజ్రా బీ లోపలికి పిలిచి.

"తెలుసు."

"తెలిస్తే చాలు. పూలకి ఎవర్నన్నా పంపు."

పెట్టె పొడుగు ఎక్కువ. పెళ్ళికొడుకు సీటు, పెళ్ళికూతురు సీటు రెండూ విప్పితేగానీ జెట్టులో పట్టదని అంచనా వేసుకుని, ముందురోజే విప్పి పక్కన పెట్టాడు గఫార్. పెళ్ళి కాకుండా పోయినవాడికి పల్లెలో చేసే తంతు ఒకటుంది. పసుపు బట్టలు కట్టి, నుదుట బాసికం కట్టి, జిల్లేడు చెట్టుతో పెళ్ళి చేసి మరీ సాగనంపుతారు. కానీ మర్నాడు రోడ్డు మీద దించి, జెట్టులోకి ఎక్కించిన పెట్టెకి మేకులు కొట్టి ఉన్నాయి. తెచ్చినవాళ్ళు తెరవొద్దన్నారు. సరే, బాసికం పెట్టె మీదే కడదామన్నారు పెద్దలు. అప్పుడు ఒక ముసలమ్మ అడిగింది.

"తల ఎటుంది?"

ఎవరికీ తెలియదు. సాంబయ్య పెట్టె ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. పెట్టెతో వచ్చిన ఎయిర్‌ఫోర్సు అతనికి తెలుగు రాదు. అక్కడ ఉర్దూ మాట్లాడగలిగినవాడు గఫార్ ఒక్కడే కాబట్టి ఆయనే వెళ్ళి అడగాల్సి వచ్చింది. అతను టోపీ తీసి చేత్తో పట్టుకుని, తల వంచుకున్నాడు. ఎటో ఒకవైపు చెప్పండి, తండ్రి చూస్తున్నాడు, అని నెమ్మదిగా అన్నాడు చివరికి.

గఫార్ వెనక్కి వచ్చి, డేగిసా ముక్కు ఉన్న వైపు చెయ్యి పెట్టి, "ఇటేనంట" అని గట్టిగా చెప్పాడు. సాంబయ్య అక్కడే బాసికం కట్టాడు. కట్టి, అక్కడే చెయ్యి పెట్టి చానాసేపు నిమిరాడు.

రెక్కలు విప్పి, బల్బులు వేసి, గఫారే నడిపాడు. ముందు డప్పులు, పక్కన ఊరు ఊరంతా. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు, మగవాళ్ళు ఏడుస్తున్నారు. గఫార్ ఏడవలేదు. నడిపేవాడికి రోడ్డు కనపడాలి.

ఆ తరవాత జరగాల్సిందే జరిగింది. మాఘంలో ఒప్పుకున్నవాళ్ళు ఒకరి తరవాత ఒకరు మొహమాటంగా వచ్చి, అమ్మాయికి జ్వరమనీ, ముహూర్తం మారిందనీ చెప్పి పోయారు. కొందరు ఆ మాట చెప్పడానికి కూడా రాలేదు. ఇంకో సంగతి, శవాలకి అడగడం మొదలైంది. మా ముసలాయన నిండు నూరేళ్ళు బతికి పోయాడు, నీ జెట్టులో పంపిస్తే దర్జాగా ఉంటుంది, అని వచ్చారు. గఫార్ ఇవ్వలేదు. బండి మీద టార్పాలిన్ కప్పి, పాత రిపేర్ల బతుక్కి తిరిగి వచ్చాడు. ఇల్లు గడవడం కష్టమైంది. హజ్రా బీ ఎత్తిపొడుస్తుందేమోనని చూశాడు. ఆమె ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధనిపించింది.

రెండు వేసవులు పోయాక సాంబయ్య కూతురు అంకమ్మకి సంబంధం కుదిరిందని తెలిసింది. గఫార్ టార్పాలిన్ తీసేశాడు. ఆయన లెక్క ఆయనకుంది. ఎవరి కోసం బండికి మైల పడిందో, ఆ సాంబయ్యే తన కూతుర్ని అందులో ఊరేగిస్తే ఇక ఎవడు నోరెత్తుతాడు? మైల అక్కడితో పోతుంది, బండి మళ్ళీ బతుకుతుంది. ఈ మాట పైకి అనకుండానే రెక్కలకి రంగు వేశాడు, ఫ్యాన్లకి నూనె పెట్టాడు, సీట్లకి కొత్త మఖమల్ గుడ్డ వేయించాడు. హజ్రా బీ వద్దనలేదు. ఆమె కూడా ఆశపడిందని నా అనుమానం.

సాంబయ్య శుభలేఖ తీసుకుని వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. కొత్త రంగు చూశాడు.

"రంగేశావు."

"వేశా అన్నా."

సాంబయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "కారు గుంటూరు నుంచి మాట్లాడినా తమ్ముడూ. కాంటెస్సా."

గఫార్ రెక్క మీది రంగు ఆరిందో లేదో వేలితో చూశాడు.

"మగపెళ్ళోళ్ళు ఒప్పుకోలా అని నీకు చెప్దామనుకుని బయల్దేరినా. అది అబద్ధం. వాళ్ళని నేను అడగనే లా. నాకే మనసొప్పలా. నా బిడ్డ కోసం నువ్వు చెడిపోయినావు, నేనే ఎక్కించకపోతే ఇంకెవడెక్కిస్తాడు, నాకు తెలవదా? తెలుసు. అయినా అంకమ్మని అందులో కూర్చోబెట్టలేను. ఇంకో బిడ్డని కూర్చోబెట్టలేను తమ్ముడూ."

"నా కూతురైనా నేను కూర్చోబెట్టను అన్నా," అన్నాడు గఫార్. అది నిజమో, ఎదుటివాణ్ణి గట్టెక్కించడానికి అన్నాడో ఆయనకే తెలియదు. "పెళ్ళికి ముందురోజే వస్తా. పందిట్లో లైట్లు నావి. ఇంకెవడికీ చెప్పమాక."

సాంబయ్య ఆయన చెయ్యి పట్టుకుని, వదిలేసి బస్సుకి వెళ్ళిపోయాడు.

గఫార్ వెళ్ళి జెట్టు మెట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి ఆయన భుజాలు అదరడం చూసి హజ్రా బీ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఆయన్ని అట్లా చూడలేదు.

"బండి వద్దన్నాడా?" అని అడిగింది.

"బండి కాదే," అన్నాడు గఫార్ చిన్నపిల్లాడిలా వెక్కుతూ. "పిల్లోడు పోయాడే హజ్రా. మన పిల్లోడు పోయాడు."

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని, ఆయన పక్కన కూర్చుంది.