పస్తుల మడి

మూడు మడుల్లో చెరకు నిగనిగలాడుతుంటే, నాలుగోది పాలిపోయి నిలబడింది. దాన్ని చూసినప్పుడల్లా పెద్దాయన చూపు పక్కకి తిప్పుకునేవాడు.

పరిశోధన కేంద్రంలో పనిచేసే కూతురు ఏరికోరి తండ్రి పొలంలోనే పరీక్ష పెట్టింది. మొదటి మడికి యూరియా, రెండోదానికి అమ్మోనియం సల్ఫేటు; నాటిన నలభై అయిదో రోజున సగం, తొంభయ్యో రోజున సగం. మూడోదానికి యూరియా అంతా ముందే, ఒక్క దఫాగా. నాలుగోదానికి నత్రజని ఎరువు అసలు లేదు.

"ఇది లేకపోతే మిగతావాటికి ఎరువు ఎంత కలిసొచ్చిందో తేలదు నాన్నా. దీని జోలికి మాత్రం వెళ్ళకు," అని మరీ మరీ చెప్పింది.

ఆయన దానికి పస్తుల మడి అని పేరు పెట్టుకున్నాడు. పక్క చేను బావమరిది గట్టు మీద ఆగి, "ఏం బావా, దీనికి కామెర్లా?" అని నవ్వి పోయేవాడు. ఆ మాట ఇంటిదాకా వెంట వచ్చేది. కాలుగాలిన పిల్లిలా వసారాకీ వంటింటికీ తిరుగుతుంటే, "కాసేపు కూర్చోండి, గచ్చు అరిగిపోతుంది," అనేది భార్య.

ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మింది. వాన ముందు వేసి మట్టి కప్పితే ఎరువు వృథా పోదు. మనసు వద్దంటూనే ఉంది, కాళ్ళు మాత్రం కొట్టంలోకి నడిచాయి. గంపెడు యూరియా తెచ్చి, మొదళ్ళ పక్కన చాలు తీసి, వేసి, కప్పేశాడు.

పదిహేను రోజులకు ఆకు రంగు తిరిగింది. ఆ సంతోషం ఒక్క పూటైనా నిలవలేదు.

కూతురు వచ్చి ఆకులకు పచ్చదనం కొలిచే మీటరు పెట్టి చూసింది. నమ్మలేక మళ్ళీ చూసింది. వంగి గట్టంతా వెతికింది.

"పక్క మడి నీళ్ళు ఇందులోకి దిగుంటాయి. గట్టు నేనే సరిగ్గా వేయించలేదు. తప్పు నాదేనని మా సారుకి రాస్తాను."

ఆయన తువ్వాలు ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చాడు. మళ్ళీ మార్చాడు.

"గట్టు బాగానే ఉందమ్మా. యూరియా నేనే వేశాను. చూస్తూ ఊరుకోలేకపోయాను."

ఆమె గట్టు మీద కూలబడింది. "ఏడాది పని, నాన్నా," అంది.

తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు. ఆమె పుస్తకం తెరిచి, "ఏ రోజు? ఎన్ని కిలోలు?" అని అడిగింది. వారం, పూట, వాన ఎప్పుడు మొదలైందో కూడా చెప్పాడు. అంతా రాసుకుని, నాలుగో మడి మీద అడ్డగీత కొట్టింది.

అన్నం తినగానే ఆమె సంచి సర్దుకుంది. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, "వచ్చే ఏడు కేంద్రం పొలంలోనే పెడతాం," అంది.

"చూడ్డానికి రావచ్చా?"

ఆమె చెప్పులు తొడుక్కుంటూ తల ఎత్తకుండానే అంది: "రా. జేబులు దులిపి చూపించి మరీ రా."

అది కోపమో, క్షమించడమో అంతుపట్టక, ఆయన వీధి మలుపుదాకా ఆమె వెనకే నడిచాడు.