అలిగిన నాడు

పసుపు ఏరుతుంటే నీల వేలు చెక్కుకుపోయి రక్తం కారింది. పిల్ల చప్పుడు చేయలేదు. వేలు నోట్లో పెట్టుకుని రెండో చేత్తో కొమ్ములు ఒక పక్కకు, గుండ్రటి దుంపలు ఇంకో పక్కకు వేస్తూనే ఉంది. వసుమతి ఆ ఇంటికి రెండో భార్యగా వచ్చి పద్నాలుగు నెలలు. ఏడేళ్ల సవతి కూతురు ఏడవగా ఒక్కనాడూ చూడలేదు. ఎంత బుద్ధిమంతురాలో అని మొదట్లో మురిసిపోయింది కూడా.

"నొస్తలేదా బిడ్డా?"

"నొస్తుంది చిన్నమ్మా. ఏడిస్తే నువ్వు గూడ పోతవు."

"నేనెటు పోత?"

నీల పెరట్లోని బావి వైపు చూసింది. "నేను పాలకు ఏడిస్తెనే మా అమ్మ అలిగి పోయింది. నాయినమ్మ చెప్పింది."

వసుమతి ఏరడం ఆపింది. నీల తల్లి పద్మ బావిలో పడి చనిపోయిందని తెలుసు. పిల్ల నెత్తిన ఆ చావును పెట్టారని మాత్రం ఇప్పుడే తెలిసింది.

ఆ ఇంట్లో పద్మ లేని చోటు లేదు. వసుమతి మెడలో పుస్తెల పక్కనే పద్మ పేరిట చేయించిన బంగారు బిళ్ల వేలాడుతుంది. కొత్త చీర కొంటే ముందు పద్మ పటం ముందర పెట్టి మొక్కి, ఆ తర్వాతే తను కట్టుకోవాలి. తెల్లవారుజామున నీళ్లు చేదుతుంటే అడుగు నుంచి ఎవరో తాడు పట్టుకున్నట్టు బరువు తగులుతుంది. మొదట్లో భయం వేసేది. ఈ మధ్య భయం కూడా పోయింది, అదే అసలు భయం. నీళ్లు, పొయ్యి, పసుపు, అత్త కాళ్లు, మళ్లీ నీళ్లు. ఆ చల్లదనంలోకి దిగిపోతే ఇంక పని చెప్పేవాళ్లు ఉండరు కదా అనిపించి, చేద వదిలేసి ఇంట్లోకి పరుగెత్తిన రోజులున్నాయి.

యుద్ధం ముగిసిన ఏడు అది. ఆర్మూర్ వాడల్లో ఐదు రోజులుగా బతుకమ్మ ఆడుతున్నారు. ఇవాళ ఆరో రోజు. ఆరో రోజు అమ్మ అలుగుతుంది, ఎవరూ పువ్వు పెట్టరు, పాట పాడరు. వెనకటికెవరో బతుకమ్మకు మాంసం ముక్క తగిలించారట, అందుకని అలిగిందట. మొదటి రోజు అత్త గంగాబాయి ఇంకో కథ చెప్పింది. వదిన ఆడబిడ్డను చంపి పాతిపెడితే ఆ చోట తంగేడు చెట్టు మొలిచిందట, చెల్లెలు అన్న కలలోకి వచ్చి చెప్పుకుందట. కలొచ్చేదాకా చెల్లెలు ఏదని ఆ అన్న అడగనే లేదా? వసుమతికి ఆ అన్న మీద ఒళ్లు మండింది.

ఆమె లేచి వెళ్లి అత్త ముందు నిలబడింది. "పద్మక్క దేనికి అలిగింది అత్తమ్మా?"

గంగాబాయి పోకచెక్క కత్తిరిస్తూనే చెప్పింది. దాచాలని కూడా ఆమెకు తోచలేదు. "పుట్టింటికి పంపలేదని. మూడేండ్లు వరుసగ దాని అన్న దొంకేశ్వర్ నుంచి బండి కట్టుకొని వచ్చిండు. పండుగ ముంగట పసుపు మాలు బయటికి తీస్తం, ఏరనీకి చేతులు గావాలె గదా? తిప్పి పంపిన. మూడో యాడాది గీ అలిగిన నాడే దుంకింది. గంతదానికే సస్తరు ఎవరన్న?"

"మరి పిల్లకు గట్లెందుకు చెప్పిన్రు?"

"ఏదో ఒకటి చెప్పాలె గదా. మంచిగనే అయింది, పోరి ఏడ్పు బందయింది."

వసుమతి కోపంతో వెనుదిరిగింది. ఈ కథలో అన్న వచ్చాడు, మూడుసార్లు వచ్చాడు!

రేపటి కోసం తడిగుడ్డలో చుట్టి ఉంచిన తంగేడు, గునుగు పూలు తెచ్చి, తాంబాళంలో గుమ్మడాకు పరిచి పేర్చసాగింది. గంగాబాయి కత్తెర పడేసి లేచింది.

"అలిగిన నాడు పువ్వు పెడ్తవా? ఇల్లు మునుగుతది!"

కేకలకు ముందరి దుకాణంలోంచి వసుమతి భర్త వెంకటరాజం వచ్చాడు. వసుమతి చేతులు ఆగలేదు. పసుపు తడిపి గౌరమ్మను చేసి, నీల చేత పైన పెట్టించింది.

"గిది మీ అమ్మకు బిడ్డా. పుట్టింటికి పోనియ్యలేదని అలిగింది. నీ మీద కాదు."

"నా మీద కాదా?"

"కాదు. నిన్ను ఎత్తుకొని పోదామనే మూడేండ్లు చూసింది."

నీల నోరు తెరిచింది, గొంతు రాలేదు. మళ్లీ తెరిచింది. అప్పుడు వచ్చిన ఏడుపు వీధి వరకు వినబడింది.

"ఊకుంచు దాన్ని," అన్నాడు వెంకటరాజం. "దుకాణంల మంది ఉన్నరు."

"ఏడ్వనీయుండ్రి." వసుమతి పిల్లను ఎత్తుకుంది. "పొద్దుగాల బండి కట్టియ్యిండ్రి. సద్దుల బతుకమ్మ దాక మేమిద్దరం దొంకేశ్వర్ల ఉంటం, పద్మక్క అన్న ఇంట్ల."

గంగాబాయి గుమ్మానికి అడ్డం వచ్చింది. "ఎవల్నడిగి పోతవే?"

"అడిగినామె బాయిల ఉన్నది అత్తమ్మా."